తోపుడు మామ చెయ్యి

మా ఊరి మీదుగా వెళ్లే కొండదారిలో ఒక మలుపు ఉంది. ఆ దారి గీసిన ఇంజనీరుకు ఆ రోజు ఇంట్లో ఏం గొడవ జరిగిందో తెలియదు గానీ, కోపమంతా అక్కడే చూపించాడు. లారీలు ఆ మలుపు దగ్గరికి రాగానే మూలుగుతాయి. కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్లు మాట మధ్యలో ఆపేసి, మిగతా సగం పైకెక్కాక చెప్పుకుంటారు. ఏడాదికోసారి, రోజుల తరబడి సాగే పేరుమోసిన సైకిల్ పందెం ఒక రోజు ఆ దారినే వెళుతుంది. ఆ రోజు ఊరు ఊరంతా మలుపులోనే ఉంటుంది. మనిషి ఎగరడం చూడాలన్నా, అదే మనిషి కూలబడటం చూడాలన్నా అంతకు మించిన చోటు లేదు.

ఆ మలుపుకు తోపుడు మామ అధిపతి. ఏ ప్రభుత్వమూ నియమించలేదు, ఏ జీతమూ ముట్టలేదు. అందుకే ఆ ఉద్యోగం అంత శ్రద్ధగా చేసేవాడు. అసలు వృత్తి తలుపులు బిగించడం. వానలకు ఉబ్బి మూసుకోని తలుపు, ఎండలకు వంగి తెరుచుకోని తలుపు, ఏదైనా సరే, ముందు అరచెయ్యి ఆనించి మెల్లగా తోసి, బందు దగ్గరో గడప దగ్గరో ఎక్కడ పట్టేస్తోందో కనుక్కుని, అక్కడ చిత్రిక పట్టేవాడు. ఊళ్లో ఆయన చెయ్యి పడని తలుపంటూ ఉంటే అది సొంత వంటింటి తలుపే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అది నేలకు రాసుకుంటూనే ఉంది. అత్త, అంటే ఆయన భార్య, రోజూ దాన్ని భుజంతో గుద్ది తెరుస్తూ, ఆ చప్పుడులోనే మొగుడి గురించి తన అభిప్రాయమంతా చెప్పేది.

పందెంలో ముందు వచ్చేవాళ్లను మామ పెద్దగా పట్టించుకునేవాడు కాదు. "వాళ్లకి నాతో పనేముంది?" అనేవాడు. ఆయన చూపంతా చివరివాడి కోసం. చివరివాడి వెనకాల ఒక వ్యాన్ వస్తుంది. అది దాటేసిందంటే వాడి పందెం ముగిసినట్టే. సైకిల్ వ్యాన్ మీద, తను వ్యాన్ లోపల, ఇంటికి ప్రయాణం. ఆ వ్యానుకూ వాడికీ మధ్య మామ దూరేవాడు. నడుము మీద అరచెయ్యి ఆనించి, పక్కనే పరిగెడుతూ, మలుపు దాటించి వదిలేవాడు.

నియమాల ప్రకారం ఇది తప్పే. తొక్కేవాడు నోరు తెరిచి సాయం అడిగితే వాడికి శిక్ష. అడక్కుండా ఎవరైనా వచ్చి మీదపడితే మాత్రం గాలివాన కింద లెక్క. పైగా చివరివాడి విషయంలో, కారులో వచ్చే అధికారులకు సరిగ్గా ఆ క్షణంలోనే అవతలి లోయ అందం గుర్తొచ్చేది.

ఒక ఏడు చివరివాడిగా ఒక బక్కమనిషి వచ్చాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. సైకిల్ ముందుకు పోవడం మాని పక్కలకు పోతోంది. వెనక వ్యాన్ హారన్ కొట్టడం కూడా మానేసింది, పోబోయే మనిషి పక్కన మర్యాదగా నిలబడ్డట్టు. మామ తోశాడు. అలవాటుగా మలుపు దాకా కాదు, ఆ పైన వాలు తగ్గే చోట ఉన్న రాతిగోడ దాకా తోశాడు. తర్వాత ఆ గోడకే ఆనుకుని కూలబడి, ఊపిరి అందాక అన్నాడు: "బందులన్నీ బాగానే ఉన్నాయి వాడికి. తలుపే పట్టేసింది." ఎవరికీ అర్థం కాలేదు. గడువు ముగుస్తుండగా ఆ బక్కమనిషి శిఖరం చేరి, మర్నాటి పందెంలో మిగిలాడు.

కొన్నేళ్లకు అతనే ఛాంపియన్.

అతను మా మలుపు ఎక్కడం చూసినవాళ్లం ఇప్పటికీ ఆ సంగతి మామూలు గొంతుతో చెప్పలేం. కింద వంతెన దగ్గర అందరూ ఒక గుంపుగా కనిపించేవారు. చూస్తుండగా ఆ గుంపులోంచి ఒక చుక్క విడిపోయేది. సీటు మీంచి లేచేవాడు కాదు, పళ్లు బిగించేవాడు కాదు. మరిచిపోయిన కళ్లజోడు కోసం ఇంటికి వెనక్కి వెళుతున్నవాడిలా, నోరు మూసుకుని వచ్చేవాడు. మలుపులోకి రాగానే మా కేకలన్నీ వాటంతటవే ఆగిపోయేవి. గొలుసు తిరిగే సన్నటి చప్పుడు ఒక్కటే వినబడేది. అతను దాటాక ఆ గాలి ముఖానికి తగిలితే, అప్పుడు గుర్తొచ్చేది మాకు, ఇంతసేపూ ఊపిరి తీసుకోలేదని. సెలూన్ యజమాని ఒకసారి ఏడ్చాడు. కంట్లో వెంట్రుక పడిందన్నాడు. ఆయన వృత్తిని బట్టి నమ్మాం.

గెలిచిన రోజున టీవీలో అతనన్న మాట మా ఊరి చరిత్రను మార్చేసింది. "ఒక కొండ మీద ఎవరిదో ఒక చెయ్యి నన్ను తోసింది. అది లేకపోతే ఈపాటికి మా నాన్న రొట్టెల వ్యాన్ నడుపుకుంటూ ఉండేవాణ్ణి."

ఆ సాయంత్రం నుంచీ ఆ చెయ్యి మామది కాకుండా పోయింది, ఊరిదైంది. పరీక్షలకు వెళ్లే పిల్లలు వచ్చి వీపు చూపించేవారు. కొత్త కారు కొన్నవాళ్లు దాన్ని తోయించుకునేవారు, చక్కగా స్టార్టయ్యే కారునే. సెలూన్ అద్దం పైన ఛాంపియన్ ఫోటో వెలిసింది. ఊళ్లో అందరికంటే పెద్ద అభిమాని లెక్కల మాస్టారు. ఆయన తన కుక్కకు ఛాంపియన్ అనే పేరు పెట్టుకున్నాడు. ఇంట్లో మామ చెయ్యి అంట్లగిన్నెలు ముట్టడం మానేసింది.

"లోకానికంతా పనికొచ్చిన చెయ్యి, నా వంటింటి తలుపుకి మాత్రం పనికిరాదు," అనేది అత్త, భుజం తడుముకుంటూ.

ఆ తర్వాత ఒక రోజు ఛాంపియన్ మళ్లీ టీవీలో కనిపించాడు. ఈసారి కుర్చీలో కూర్చుని, నేల చూస్తూ. రక్తాన్ని చిక్కబరిచే సూదులు వేయించుకున్నానన్నాడు. తన రక్తమే తీయించి, చల్లగా దాచి, పందెం ముందు మళ్లీ ఎక్కించుకున్నానన్నాడు. గెలుపులన్నీ కొట్టేశారు. జీవితాంతం పందేల్లో దిగకుండా నిషేధించారు.

విచారణ మా సెలూన్లో జరిగింది. న్యాయమూర్తులందరికీ గడ్డాల మీద నురగ ఉంది.

"మందు కొట్టి ఎక్కాలంటే నేనూ ఎక్కుతా," అన్నాడు సెలూన్ యజమాని, కత్తి గాల్లో ఆపి.

"పోయినసారి మందు కొట్టి నువ్వు మా ఇంటి మెట్లే ఎక్కలేకపోయావు," అన్నాడు పాలాయన. "అయినా ఎక్కించుకుంది తన రక్తమే కదండీ మాస్టారూ? పాలల్లో నీళ్లు పోస్తే తప్పు, ఒప్పుకుంటా. పాలల్లో పాలు పోస్తే?"

మాస్టారు చాలాసేపు ఆయన్ని చూశాడు. "ఈ విషయం మీద నువ్వింత లోతుగా ఆలోచించావని తెలీదయ్యా. రేపట్నుంచి మాకు పాలొద్దు."

ఫోటో తీసేశారు. దాని వెనక గోడ మీద తెల్లటి చదరం మిగిలి ఇంకా ఎక్కువగా కనిపిస్తుంటే, క్యాలెండర్ తగిలించారు. మాస్టారు కుక్కను "ఏయ్" అని పిలవడం మొదలుపెట్టాడు. కుక్క ఆ తీర్పును అంగీకరించలేదు. ఎంత పిలిచినా వచ్చేది కాదు.

"మామా, ఆ రోజు నీ చేతికేమైనా తెలిసిందా?" అని అడిగాడు సెలూన్ యజమాని. "వీపులో తేడా గట్రా?"

మూల బెంచీ మీద మామ తన అరచేతిని తిప్పి చూసుకుంటున్నాడు. "మొదటి మందు నేనేరా," అన్నాడు.

"ఏంటీ?"

"ఆ రోజు వాడి దమ్ము మలుపు కిందే అయిపోయింది. గోడ దాకా పోయిన దమ్ము నాది. తనది కానిది ఒంటికి అందితే పైకి పోవచ్చని వాడికి రుచి చూపించిందెవరు? సూదులవాళ్లు తర్వాతొచ్చారు. నేను తొయ్యకపోతే వాడు నిజాయితీగా రొట్టెలు అమ్ముకునేవాడు."

"చాల్లే మామా! నీ చెయ్యేమన్నా సూదా?" అన్నాడు పాలాయన. కానీ ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లందరమూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరిని తోసినవాళ్లమే.

ఆ ఏడు మామ మలుపుకు రాలేదు. ఆ మరుసటేడూ రాలేదు. అది అలా ఉంచితే, తలుపులకు అరచెయ్యి ఆనించడమే మానేశాడు. మోచేత్తో తోసి చూసి, ఉజ్జాయింపుగా చిత్రిక పట్టేవాడు. ఊళ్లో తలుపులు ఒక్కొక్కటే వంకరపోయాయి. మాస్టారి వీధి తలుపు మూయాలంటే ఇద్దరు కావాలి. ఆ చెయ్యి మళ్లీ తలుపు మీద ఆనుతుందా లేదా అని అందరం చూస్తున్నాం. అత్త అందరికంటే ఎక్కువగా చూస్తోంది.

అసలు పందేనికి ముందురోజు అదే దారిలో సామాన్యుల సవారీ ఒకటి ఉంటుంది. గుమస్తాలు, పళ్ల డాక్టర్లు, కొత్తగా విడాకులు తీసుకున్నవాళ్లు తొక్కుతారు. అందులో గెలుపు లేదు కాబట్టి నిషేధమూ లేదు. ఈ ఏడు ఆ సవారీకి ఛాంపియన్ వస్తున్నాడని కబురొచ్చింది.

మాస్టారు వెంటనే తీర్మానం ప్రవేశపెట్టాడు: అతను మలుపులోకి రాగానే ఊరంతా వీపు తిప్పాలి. ఏకగ్రీవంగా ఆమోదించాం. సైకిల్ మనిషికి వీపు తిప్పడం ఒక్కసారితో అయ్యే పని కాదని అప్పుడెవరికీ తట్టలేదు. అతను కింది నుంచి వస్తున్నప్పుడు మనం పైకి చూడాలి. దాటిపోగానే గిర్రున తిరిగి కిందికి చూడాలి. ఈ రెండో తిరుగుడు గురించి తీర్మానంలో ఒక్క ముక్కా లేదు.

"నేను రాను," అన్నాడు మామ.

"ఏమయ్యా, ఇంట్లో కూర్చుని ఆ చేతిని అలా చూసుకుంటుంటే నాకు భయంగా ఉంది," అంది అత్త. "పోయి వాడినే చూడు."

ఛాంపియన్ అందరికంటే చివర వచ్చాడు.

పళ్ల డాక్టర్లు కూడా దాటిపోయాక, ఖాళీ రోడ్డు మీద వంతెన దగ్గర ఒక్క చుక్క కనిపించింది. ఒళ్లొచ్చింది. జుట్టు పలచబడింది. ఒకప్పుడు కళ్లజోడు కోసం వెళ్లేవాడిలా ఎక్కిన మనిషి ఇప్పుడు ఒక్కో తొక్కుకీ భుజాలతో సహా వంగిపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఊపిరి చప్పుడు మలుపు పైదాకా వినబడుతోంది.

ఊరు తీర్మానం ప్రకారం వీపు తిప్పింది. ఒక్క పాలాయన తిప్పలేదు. ఆయన పాల క్యాన్ మోస్తున్నానన్నాడు.

"ఎక్కడిదాకా వచ్చాడు?" అన్నాడు మాస్టారు, కొండ వైపే చూస్తూ.

"మీరు మొహం తిప్పుకున్నారు కదా మాస్టారూ, మీకెందుకు?"

"నాకక్కర్లేదు. ఎక్కడిదాకా వచ్చాడో చెప్పు."

"తలుపులా పట్టేశాడండీ. మలుపు మధ్యలో. సైకిల్ పక్కలకి పోతోంది."

మేం భుజాల మీంచి దొంగచూపులు చూస్తుండగా మామ రోడ్డు మీదికి దిగాడు. ఆ వీపు పక్కకు వెళ్లి, చెయ్యి చాచి, జానెడు దూరంలో ఆపేశాడు. జన్మలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"తొయ్యనా బాబూ?"

అతను తల తిప్పలేదు. ఆ చెప్పులనో, ఆ గొంతునో గుర్తుపట్టాడు.

"వద్దు పెద్దాయనా. ఇది... నన్నెక్కనీ."

ఆ తర్వాత మేం చూసింది నాకు సరిగ్గా చెప్పడం చేతకాదు. అతను ఎక్కాడు. మామ పక్కనే నడిచాడు, అరచెయ్యి ఆ వీపుకు జానెడు దూరంలో అలాగే చాచి, తగలకుండా, వెనక్కి తీయకుండా. ఒక తొక్కు. ఆగిపోయాడనుకునేంత సేపు. ఇంకో తొక్కు. చెమట ముక్కు చివర నుంచి రోడ్డు మీద పడి, చక్రం కింద నలుగుతోంది. అతను గాలిలా దాటిన రోజుల్లో మాకు ఆ మలుపు ఎంత నిటారుగా ఉంటుందో ఒక్కసారి కూడా కనబడలేదు. ఇప్పుడు కనబడింది, ఒక్కొక్క అడుగూ. ఇంత కొండనా మనిషి ఎక్కేది! సూదులుండనీ, రక్తం ఉండనీ, దీన్నా అతను నోరు మూసుకుని ఎక్కింది! గొలుసు అప్పటిలా సన్నగా పలకడం లేదు, కిర్రుమంటోంది. ఆ పాత నిశ్శబ్దం మాత్రం మళ్లీ వచ్చి మలుపంతా నిలబడింది.

అతను మాస్టారిని దాటాడు. అంటే ఇప్పుడు కొండ వైపు చూస్తున్న మాస్టారి కళ్లముందే ఉన్నాడు. గిర్రున తిరగాల్సిన సమయం అది. మాస్టారు తిరగలేదు. మేమెవరమూ తిరగలేదు. పెదవులు బిగించి, కాళ్ల మునివేళ్ల మీద లేచి, తెలియకుండానే ముందుకు వంగి, ఊరు ఊరంతా అతన్ని కళ్లతో తోసింది. దానికి నియమాల్లో శిక్ష ఉందేమో తెలియదు.

రాతిగోడ దగ్గర అతను కాలు కింద పెట్టాడు. హ్యాండిల్ మీదికి వాలిపోయాడు. అప్పుడు మామ ఆ జానెడూ దాటి చెయ్యి వీపు మీద వేశాడు. తొయ్యలేదు. ఊరికే ఉంచాడు.

"బాబూ, మొదటి తప్పు నాది. ఆ రోజు నేను..."

అతను ఊపిరి అందేదాకా ఆగి, నవ్వబోయి దగ్గాడు. "పెద్దాయనా, సూది దగ్గరికి నన్నెవరూ తొయ్యలేదు. నేనే నడిచి వెళ్లా. ఉన్నవన్నీ లాక్కున్నారు. ఆ తప్పొక్కటే నాకు మిగిలింది. అందులో కూడా వాటాకొస్తే ఎలా?"

మామ చెయ్యి తీయలేదు. ఛాంపియన్ మళ్లీ సైకిలెక్కి వెళ్లేదాకా అది అక్కడే ఉంది.

మాస్టారు ఊళ్లోకి దిగి, ఇల్లు చేరి, గేటు దగ్గర కుక్కను పాత పేరుతో పిలిచాడు. అది పరిగెత్తుకొచ్చింది. "నువ్వు చేసిందేం బాగాలేదు," అని దానికే చెప్పాడు.

మామ ఇంటికెళ్లి, నేరుగా వంటింటి తలుపు ముందు నిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. మెల్లగా తోశాడు. కింద, బందు వైపు పట్టేస్తోంది. అత్త పొయ్యి దగ్గరి నుంచి చూస్తూ, గట్టిగా మాట్లాడితే ఆ చెయ్యి ఎగిరిపోతుందేమోనన్నట్టు, మెల్లగా అడిగింది.

"తోశావా వాడిని?"

"లేదు. వద్దన్నాడు."

"మరి రేపు అసలు పందెం కదా. చివరివాడొస్తే ఏం చేస్తావు?"

"అడుగుతాను, తొయ్యనా అని," అన్నాడు మామ, చిత్రిక తీసి బ్లేడు మీద బొటనవేలు ఆనిస్తూ.

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే సాయం అడిగినట్టే. వాడికి శిక్ష."

అత్త గరిటె కింద పెట్టింది. మొగుణ్ణీ, తలుపునూ, ఆ చేతినీ ఒక్కసారి ఎగాదిగా చూసింది.

"అయితే వాడు ఊఁ అనేలోపే తోసెయ్యి."