పత్రిక పుట్టిన గది

సాఫ్ట్‌వేర్ కంపెనీలు డబ్లిన్‌లో తెగ పెరుగుతున్న రోజుల్లో మావారి ఉద్యోగం కోసం ఆ ఊరి శివార్లలోని ఆడమ్స్‌టౌన్ వచ్చాం. ఆయన పొద్దస్తమానం కోడ్ రాసేవారు. విజయవాడలో ఇళ్ళ ప్లాన్లు గీసిన నేను, పని చేయడానికి వీల్లేని వీసా మీద గరిటె తిప్పుతూ కూర్చున్నాను. ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అంటే ఒళ్ళు మండేది.

పక్కింట్లో కూతురి దగ్గర ఒక నార్వే పెద్దావిడ ఉండేది. వయసులో ఉండగా వాళ్ళ భాషలో వచ్చే ఆర్కిటెక్చర్ పత్రికలో పనిచేసిందట. ఇప్పుడా పత్రికవాళ్ళు తొలి రోజుల చరిత్ర రాసిపెట్టమని అడిగారు. అప్పటివాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. పత్రిక మొదలైన గదినైతే భవనంతో సహా కూల్చేశారు, ఒక్క ఫొటో కూడా లేదు. ఆవిడకేమో చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. "కళ్ళు పూర్తిగా పోయేలోపు ఆ గదిని కాగితం మీద చూడాలి. తప్పుంటే చెప్పగలిగేది నేనొక్కదాన్నే" అంది. గీసిపెడతావా అని అడిగితే ఎగిరి గంతేశాను.

ఆవిడ టీ తాగుతూ చెప్పేది, నేను రాసుకునేదాన్ని. ఉన్నది ఒకే గది. వాయవ్యం మూల చలికాచుకునే పొయ్యి, జిగురు త్వరగా ఆరాలని దాని పక్కనే పేజీలు అతికించే పెద్ద బల్ల. చెక్క ఇళ్ళు గొప్పా, కాంక్రీటు గొప్పా అని ఆ బల్ల చుట్టూ చేరి కొట్టుకున్నంత పని చేసేవాళ్ళట! ఇంగ్లీషులో వేస్తే ప్రపంచమంతా చదువుతుంది కదా అని ఎవరో సలహా ఇస్తే, "మా ఊళ్ళో ఇల్లు కట్టే వడ్రంగి చదివితే చాలు" అని సంపాదకుడు తలుపు చూపించాడట. అది చెప్పి ఆవిడ నవ్వితే నాకూ నవ్వాగేది కాదు.

వారం తిరక్కుండా ప్లాన్ ఇచ్చాను. భూతద్దం పెట్టుకుని, ముక్కు ఆనించి మరీ చూసింది. "చక్కగా గీశావు. కానీ ఇది మా గది కాదు. పొయ్యి ఇక్కడెందుకుంది?"

నా మొహం! పొయ్యిని తీసుకెళ్ళి ఆగ్నేయంలో పెట్టేశాను. వాకిలి తూర్పుకి తిప్పేశాను. ఏళ్ళ తరబడి వాస్తు చూసి గీసిన చెయ్యి, నన్నడక్కుండానే దిద్దేసింది. మావారు విని పడీపడీ నవ్వారు. "గృహప్రవేశం ముహూర్తం కూడా పెట్టించెయ్" అన్నారు. ఆయన మీద అరిచాను గానీ, నిజానికి కోపం నా మీద నాకే.

మళ్ళీ గీసి తీసుకెళ్ళేసరికి ఆవిడ కాగితాన్ని వేళ్ళతో తడిమింది, అంతే. గీతలు కనపడటం లేదంది. పైగా ఆవిడే నన్ను ఓదార్చింది.

రెండ్రోజులు తిండి సయించలేదు. ఆ తర్వాత తట్టింది. మనవైపు పునాది తవ్వేముందు స్థలంలో ముగ్గు పోస్తాం కదా! గోడలు ఎక్కడెక్కడ వస్తాయో సున్నంతో అసలు కొలతల్లోనే గీస్తాం.

పొద్దున్నే కార్లన్నీ ఆఫీసులకి వెళ్ళిపోయాక, ఖాళీ పార్కింగ్‌లో మా అమ్మాయి సుద్దముక్కలతో గది మొత్తం గీశాను. పెద్దావిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఇదే వాకిలి" అని నిలబెట్టాను. ఆవిడ బూట్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టింది. నా చెయ్యి వదిలేసి నడిచింది. బల్ల దగ్గరికి వచ్చారని నేను చెప్పగానే ఆగి, "ఇంకా అవతలికి. ఇక్కడైతే పొయ్యి సెగకి నా వీపు కాలిపోయేది" అంది. చెరిపి జరిపాను. కిటికీ కొంచెం ఇటు అంది. అదీ జరిపాను. మళ్ళీ వాకిలి నుంచి నడిచింది. ఈసారి ఎక్కడా తప్పుపట్టలేదు. బల్ల ముందు నిలబడి, ఎవరెవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో చెప్పడం మొదలుపెట్టింది.

అంతలో చినుకులు. గీతలు కరిగిపోకముందే టేపు పట్టుకుని గబగబా కొలతలు రాసుకున్నాను. ఆవిడ జుట్టు తడిసిపోతోంది.

"వాన పెరుగుతోందండీ, లోపలికి పదండి" అన్నాను.

"లోపలే ఉన్నాగా" అంది.