సాగదీసిన బాణం

ఆ విమానాశ్రయంలో గోడౌన్ రేకుల మీద తెల్ల బాణం వేసే మనిషిని అందరూ బాణం అక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు. ఆ ఊరికి రెండు రన్‌వేలు, పక్కపక్కనే, కవలల్లా ఉంటాయి. ఒకటి అసలుది. రెండోది సైన్యం ఎప్పుడో వదిలేసిన పొట్టిది. ఒకసారి నిండా జనంతో వచ్చిన విమానం పొరపాటున ఆ పొట్టిదాని మీద దిగి, కంచెకు బారెడు దూరంలో ఆగింది. అసలుది ఏ వైపో చూపించడానికి ఆ తర్వాతే గోడౌన్ మీద బాణం వేయించారు.

మొదటిసారి అక్క పొడవూ వెడల్పూ చక్కగా కుదిరిన బాణమే వేసింది. వారం తిరక్కుండా ఒక పైలట్ వెతుక్కుంటూ వచ్చాడు. "అమ్మా, పైనుంచి అది బాణంలా లేదు. తొక్కిన బల్లిలా ఉంది" అన్నాడు. అక్కకు తల కొట్టేసినట్టయింది. అతను ఆమె టిఫిన్ డబ్బా మూత మీద సుద్దతో బాణం గీసి, మూతను ఆమె గడ్డం దగ్గర అడ్డంగా పడుకోబెట్టి పట్టుకున్నాడు. బాణం పొడవంతా కుంచించుకుపోయి కనిపించింది. విమానం వాలుగా దిగుతుంది కదా, పైలట్‌కూ అంతే. మర్నాడే అక్క బాణాన్ని మూడింతలు సాగదీసింది. ఇరవై రెండేళ్ళుగా ఏటా తెల్లరంగు కొత్తగా వేసినా పొడవు మాత్రం మార్చలేదు.

ఇరవై రెండో ఏట గోడౌన్ పక్క నుంచి ఫ్లైఓవర్ వచ్చింది. దాంతోపాటే కొత్త ఆఫీసరూ వచ్చాడు. అక్కను గదికి పిలిపించి ఉత్తర్వు కాగితం చేతిలో పెట్టాడు.

"ఏంటమ్మా ఆ బాణం, కొంగ మెడలాగా? ఫ్లైఓవర్ మీద వెళ్ళే పెద్దవాళ్ళంతా నవ్వుతున్నారు. కుదించు."

"అది వాళ్ళ కోసం వేసింది కాదు సార్."

"విమానాల్లో ఇప్పుడు దారి చూపే యంత్రాలున్నాయి."

"కంచె దగ్గర ఆగిన రోజు కూడా ఉన్నాయి సార్."

అక్క ఆ కాగితాన్నే తిప్పి, వెనక పొట్టి బాణం గీసింది. గడ్డం దగ్గర పడుకోబెట్టి చూడమంది. ఆయన ముట్టుకోలేదు. "నాకే పాఠాలా? సోమవారం లోపల కుదించాలి. లేదంటే ఇంటికే" అన్నాడు.

ఇంట్లో మొగుడు కుట్టుమిషన్ ఆపి అంతా విన్నాడు. ముందుగదిలోనే ఆయన దర్జీ కొట్టు. "అడిగినవాడికి అడిగినట్టు కుట్టిచ్చేస్తే పోలా?" అన్నాడు.

"తొడుక్కునేవాడి కొలత తీసుకుంటావా, దారిన పోయేవాడి కొలతా?"

ఆయన మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. అక్కకు భయం లేదంటే అబద్ధం. ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకెవరు రానిస్తారు? కానీ భయం కన్నా మంటే ఎక్కువగా ఉంది. నేల మీద తిరిగే మనిషి పైన ఎగిరేవాళ్ళ చూపుకు కొలతలు చెప్పడమేమిటని ఒళ్ళు మండిపోయింది.

సోమవారం తెల్లారగానే నిచ్చెన వేసుకుని ఎక్కి, పాత పొడవునే కొత్త తెలుపు దట్టించడం మొదలుపెట్టింది. తొమ్మిదింటికి ఆఫీసరు కింద నిలబడి కేకలేశాడు.

"దిగు. నీ ఉద్యోగం పోయింది."

"తొమ్మిది పదికి విమానముంది సార్. అది దిగాక దిగుతా."

విమానం వచ్చింది. రేకులు గడగడలాడాయి, రంగు డబ్బా దొర్లబోతే అక్క కాలు అడ్డం పెట్టింది. రెక్క వంచి అది అసలు రన్‌వే వైపే తిరిగింది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నదే అయినా ఆ పూట అక్క కళ్ళు చెమర్చాయి. కుంచె తుడుచుకుని దిగింది.

ఆయన బర్తరఫ్ కాగితం ఇచ్చాడు. అక్క చదవలేదు. వెనక్కి తిప్పి పొట్టి బాణం గీసి, స్టోర్ గుమాస్తా చేతిలో పెట్టింది. "నా తర్వాత ఎక్కేవాళ్ళకి ఇది గడ్డం కింద పెట్టి చూపించన్నా" అని చెప్పి నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయింది.

ఆ నెలలో ముగ్గురు పెయింటర్లు వచ్చారు. గుమాస్తా ముగ్గురికీ ఆ కాగితం చూపించాడు. ముగ్గురూ డబ్బా మూతైనా తీయకుండా వెళ్ళిపోయారు. ఫ్లైఓవర్ మీద వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. తొమ్మిది పది విమానం ఇప్పటికీ అసలు వైపే తిరుగుతోంది.