గాట్ల కాగితం

"వదినా, నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

1974 శ్రావణంలో, తిరువూరు బజారులోని బట్టల కొట్టు నిండా జనం ఉండగా, మరిది భాస్కరరావు అడిగిన మాట ఇది. సుబ్బరత్నం మీటరు కర్ర కింద పెట్టకుండానే "నాలుగేళ్ళు" అంది. అప్పుడే ఐదు మీటర్లు అడిగినవాళ్ళకు ఆరు చింపింది. ఆ నెలలో అది మూడోసారి.

"దసరా దాకా చూస్తా. ఆ తర్వాత తాళాలు నాకిచ్చి ఇంట్లో కూర్చో."

భర్త పోయాక పదకొండేళ్ళుగా ఆ కొట్టును నిలబెట్టింది ఆమే.

పక్కనున్న నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామికి ప్రదక్షిణలు చెయ్యమన్నారు. చేసింది. కాళ్ళు నొప్పి పుట్టాయి గాని కన్ను మూతపడలేదు. మనసు ప్రశాంతంగా ఉంచుకోమన్నారు. అలా చెప్పేవాళ్ళంతా హాయిగా నిద్రపోయేవాళ్ళే.

ఊళ్ళో డాక్టరుగారు ఆమె అప్పటిదాకా వేసుకుంటున్న నిద్రమాత్రలు నెమ్మదిగా తగ్గించి, కాంపౌండరు శాంతయ్య చేత మిక్స్చరు ఇప్పించారు. నారింజ రంగు మందు. మోతాదు తెలిసేలా అంచున గాట్లు కత్తిరించిన కాగితం సీసాకు అంటించి ఉంది. పడుకోబోయే ముందు ఒక గాటు. వారం తిరక్కుండా నిద్ర పట్టింది.

ఓ సంతరోజు హడావిడిలో శాంతయ్య కాగితం అంటించడం మరిచాడు. మూడు రాత్రులు జాగారమే. నాలుగోరోజు ఆమె సీసా తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఈసారి ఏం తగ్గించావయ్యా?"

శాంతయ్య అటూ ఇటూ చూశాడు. "తగ్గించడానికి ఏముందండి అందులో. పంచదార పాకం, రంగు, నీళ్ళు. మొదటి సీసాలోనూ అంతే. డాక్టరుగారే అలా కలపమన్నారు."

మందు మారలేదు. మారింది కాగితం ఒక్కటే. సుబ్బరత్నానికి అంత లెక్క చాలు.

"అయితే కాగితం అంటించు."

"అంతా తెలిశాక కూడానా అండీ?"

"తెలిసిందని నిద్ర మానుకోమంటావా? గాట్లు సమంగా కత్తిరించు."

"పోనీ డబ్బులొద్దు లెండి, నీళ్ళేగా."

"ఊరికే వచ్చినదాన్ని నా ఒళ్ళు ఖాతరు చెయ్యదు. రెండు రూపాయలూ తీసుకో."

ఆ రాత్రి కాస్త ఆలస్యంగా, మర్నాటి నుంచి మామూలుగా నిద్ర పట్టింది.

సంగతి తెలిసి భాస్కరరావు నవ్వాడు. "రంగునీళ్ళ చేత జోల పాడించుకుంటున్నావా వదినా?"

"అవునబ్బాయ్. నువ్వూ ఓ గాటు తాగు, నా తాళాల మీద బెంగ తగ్గుద్ది."

దసరా అమ్మకాల్లో ఆమె ఒక్క గుడ్డా తప్పు చింపలేదు. తాళాలు ఆమె బొడ్లోనే ఉండిపోయాయి.

మాఘంలో చిల్లర లేక అప్పుపెట్టి తెచ్చిన సీసాను తలాపున పెట్టుకుని, మూత తియ్యకుండానే నిద్రపోసాగింది. తాగని మందుకు డబ్బివ్వనంది. కలిపిన మందు వెనక్కి తీసుకోనన్నాడు శాంతయ్య. ఆ రెండు రూపాయలు ఇంకా బాకీయే.