కండక్టరు సంచిల వచ్చిన డ్రైవరు

నేను ఎల్లారెడ్డిల టైపు నేర్పేదాన్ని. బస్టాండుకు పోయే తొవ్వల రేకుల కప్పు కింద రెండు అర్రలు, ఎనిమిది మిషిన్లు. ఐదు ఇంగ్లీషువి, మూడు తెలుగువి. రెండువేల పది వచ్చేసరికి పొద్దుటి బ్యాచుల ముగ్గురు, సాయంత్రం బ్యాచుల నలుగురు మిగిలిండ్రు. వాళ్లు గూడ టైపు కొట్టుకుంటనే, మేడం మీరు కంప్యూటర్ ఎప్పుడు తెస్తరని అడుగుతుండిరి. హాల్‌టికెట్ తీసుకోవాలన్నా, రిజల్ట్ చూడాలన్నా, అప్లికేషన్ పెట్టాలన్నా మా ఊరోళ్లందరు బస్సెక్కి కామారెడ్డి పోవుడే. ఆ పనేదో ఇక్కడనే నేను చేస్తే అయిపాయె గదా అని మనసుల పడ్డది.

మా ఆయన బస్సు కండక్టరు. ఎల్లారెడ్డి, కామారెడ్డి నడుమ రోజుకు మూడుసార్లు పోయి వచ్చేటోడు. కామారెడ్డిల ఒక ఆఫీసు మూతవడుతున్నదని, అండ్ల పాత కంప్యూటర్లు అమ్ముతున్నరని ఆయనకు బస్సులనే ఎవరో చెప్పిండ్రు. మర్నాడే ఒకటి బేరం చేసి, డబ్బాను ముందటి సీటుల కూసోబెట్టి, తువ్వాలతోని కట్టి తెచ్చిండు. మానిటరును లింగంపేట దాకా ఒక పెద్దమనిషి ఒళ్లె పెట్టుకున్నడట. ఆయన దిగినంక ఇంకో ఆమె పట్టుకున్నదట. ఒకప్పుడు తెల్లగున్న కంప్యూటరే కావచ్చు, మా ఇంటికి వచ్చేసరికి పసుపు పూసినట్టు ఉండె.

టెలిఫోన్ ఆఫీసోళ్లు వచ్చి ఇంటర్నెట్ డబ్బా గోడకు కొట్టి, వైరు చేతిల పెట్టి, దీన్ని గుచ్చడానికి మీ కంప్యూటర్‌కు తావు లేదమ్మా, నెట్‌వర్క్ కార్డు వేయించుకోండి అని పోయిండ్రు. మా ఆయన కామారెడ్డి బజార్ల ఒక కార్డు తెచ్చిండు. దానికి డబ్బా లేదు, సీడీ లేదు, వెండి రంగు సంచిల ఉత్త కార్డు. టైపు మిషిన్లు విప్పి నూనె పెట్టుకునే అలవాటు ఉన్నదాన్ని గనుక కంప్యూటర్ విప్పుడు నాకు భయమనిపియ్యలే. ఖాళీగున్న గూట్ల కార్డును ఒత్తి, మర బిగించి, స్విచ్ వేసిన. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. కొత్త సామాను కనవడ్డది, దీని డ్రైవరు ఏది అని అడిగింది.

డ్రైవరంటే కొత్తగ పెట్టిన సామాను ఎట్ల నడవాలెనో కంప్యూటర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాం. అది ఇంటర్నెట్‌ల దొరుకుతదట. ఇంటర్నెట్ రావాలంటే కార్డు నడవాలె. కార్డు నడవాలంటే డ్రైవరు రావాలె. నేను ఇది వివరంగ చెప్తే మా ఆయన మొదలు నమ్మలే. తర్వాత కడుపు పట్టుకొని నవ్విండు. అయితే నీ కంప్యూటర్‌కు కండక్టరు ఉన్నడు, డ్రైవరే లేడన్నట్టు అన్నడు. ఆ మాటను ఆయన తెల్లారి బస్సుల గూడ చెప్పిండు. అప్పటి సంది ఆ బస్సుల రోజూ వచ్చిపోయేటోళ్లందరికి నా కంప్యూటర్ సంగతి ఎరుకైంది.

కామారెడ్డి బస్టాండు వెనుక గల్లిల ఒకామె ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. మా ఆయన పోయి ఆమెకు సంగతి చెప్పిండు. చెప్పిండంటే ఆయనకు తెలిసినంత చెప్పిండు. ఆమె రెండు మాటలు విని, ఫోన్ల మాట్లాడేంత తీరిక నాకు ఉండదు, నెత్తి మీద పది మంది నిలవడి ఉంటరు, తెర మీద ఏం కనవడితే అది అక్షరం పొల్లు పోకుండ రాసి పంపమనుండ్రి అన్నదట.

అక్షరం పొల్లు పోకుండ అంటే నాకు తెలిసిన విద్యనే. నేను తెర ముందు టైపు మిషిన్ పెట్టుకొని, పక్కన మార్జిన్ ఇడిచి, వచ్చిన మాటలన్ని ఉన్నదున్నట్టు కొట్టి, కింద సంతకం చేసి పంపిన. మధ్యాహ్నం ట్రిప్పుల మా ఆయన జవాబు తెచ్చిండు. పాడైన ప్రింటు కాయితం వెనుక నీలం పెన్నుతోని, వాలు రాతల ఉన్నది. "మేడం గారూ, కంప్యూటర్ మీద వచ్చిన తప్పును టైపు మిషిన్ మీద కొట్టి పంపినోళ్లను ఇప్పుడే చూస్తున్న. మీ కాయితం దాచుకుంట. కార్డు బయటికి తీసి, దాని మీది నల్ల చిప్పు మీద ఏం నంబరు ఉన్నదో రాసి పంపండి."

ఆ చిప్పు మీది అక్షరాలు చీమ తలకాయంత ఉండె. మా ఇన్‌స్టిట్యూట్ పక్కన వాచీలు బాగుచేసే చాచా దుకాణం ఉన్నది. తలుపంత వెడల్పే ఉంటది ఆ దుకాణం. అండ్ల చాచా, ఒక బల్ల, గోడ నిండ గడియారాలు. నేను కార్డు తీసుకపోతే ఆయన కంటికి భూతద్దం బిగించుకొని, చానాసేపు అటూ ఇటూ తిప్పి చూసిండు. నాలుగంకెలు చెప్పిండు. చివర ఒక అక్షరం ఉన్నది, అది బి అన్నడు. నేను అదే అద్దం పెట్టుకొని చూస్తే నాకు డి లెక్క కనవడ్డది. కానీ ఆయన నలభై ఏండ్ల సంది ఆవగింజంత మరలు చూసే మనిషి. నా కన్ను పక్కకు పెట్టి, బి అనే కొట్టి పంపిన.

మర్నాడు ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. ఆశగ గుచ్చిన. మళ్ల అదే చిన్న పెట్టె. కొత్త సామాను కనవడ్డది, దీని డ్రైవరు ఏది అని అడిగింది. పెన్‌డ్రైవ్‌కు గూడ డ్రైవరు కావాలంట. నేను కుర్చీల కూసొని ఒక్కదాన్నే నవ్వుకున్న. ఆ ముచ్చట టైపు చేసి పంపితే ఆమె జవాబు సగం తనను తాను తిట్టుకున్నట్టే ఉండె. మీ విండోస్ ఎంత పాతదో అడుగుడు మర్చిపోయిన, తప్పు నాదే, సీడీ పంపుతున్న అని రాసింది.

సీడీని మా ఆయన టికెట్ల సంచిల, కాయితాల నడుమ పెట్టి తెచ్చేటోడు. తాడ్వాయి కాడ ఎక్కే ఒక అవ్వ దాన్ని చూసి, బిడ్డా అది పాతదైతే నాకియ్యి, మక్కచేన్ల కడితే మెరిసి చిలుకలు రావు అన్నదట. ఇది మా ఇంటిదాని కంప్యూటర్‌ది అవ్వా, పనికిరాకపోతే నీకే అని ఈయన మాటిచ్చిండు. ఆ అవ్వకు మొదటి సీడీ దొరకడానికి రెండు రోజులు గూడ పట్టలే. నేను సీడీ వేసి, అడిగిన ప్రతి దానికి సరే సరే అని నొక్కి, కంప్యూటర్ బందు చేసి మళ్ల పెట్టిన. సామాన్ల లిస్టుల నా కార్డు పేరు వచ్చింది గానీ, దాని పక్కన పసుపు గుర్తు పడ్డది. ఆ గుర్తు పడ్డదంటే డ్రైవరు కుదరలేదన్నట్టు.

ఆ రోజు నాకు నిజంగనే మనసు పాడైంది. సాయంత్రం బ్యాచోళ్లు వచ్చి, ఇంటర్నెట్ వచ్చిందా మేడం అని అడిగితే మిషిన్ల రిబ్బన్లు మార్చుకుంట తల ఎత్తలే. ముప్పై ఎనిమిదేండ్లకు ఈ చదువు నాకెందుకు, వచ్చిన ఏడుగురికి టైపు చెప్పుకుంట ఉండక అనుకున్న. తెల్లారి పంపిన కాయితంల పసుపు గుర్తు సంగతి కొట్టి, కింద ఇంకో వరుస గూడ కొట్టిన. మీకు మస్తు తిప్పలు పెట్టిన, ఇగ ఇడిచిపెడదమనుకుంటున్న అని.

జవాబు రెండో ట్రిప్పుల రాలే. మూడో ట్రిప్పుల వచ్చింది. మా ఆయన సంచిల నుంచి తీసి ఇచ్చుకుంట, ఆమె ఇది రాయడానికి అందరిని ఆపి కూసున్నది, జాగ్రత్తగ చదువు అన్నడు. పేజీ నిండ ఉన్నది. "చెల్లె, నేను ఈ పని నేర్చుకున్ననాడు నాకు చెప్పేటోళ్లు ఒక్కరు లేరు. మొదటి కంప్యూటర్ల కార్డు నడిపించేటందుకు నాకు ఇరవై రోజులు పట్టింది. నీకు ఇంక వారమే అయింది. నీకు నేను ఉన్న. ఆ చిప్పు మీది చివరి అక్షరం ఒక్కసారి తుడిచి చూడు. నువ్వు ఇడిచిపెట్టినా నేను ఇడువను."

మేడం గారి నుంచి నేను చెల్లె ఎప్పుడైన్నో నాకే తెలవదు. ఆ కాయితం రెండుసార్లు చదివిన. చదివి, లేచి, కార్డు విప్పుకొని చాచా దగ్గరికి పోయిన.

చాచా బ్రష్షును వాచీలు కడిగే స్పిరిట్ల ముంచి చిప్పు మీద మెల్లగ రుద్దిండు. దుమ్ముతోని కలిసి ఏదో జిగురు ఊడి వచ్చింది. భూతద్దం పెట్టుకున్నడు. అద్దం తీసి, దస్తీతోని తుడిచి, మళ్ల పెట్టుకున్నడు.

"డి, బేటీ," అన్నడు ఆఖరికి. "నీ కన్నే నిజం. నేను కండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలె."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. స్పిరిట్ పెట్టకముందు ఎవరికైనా బి లెక్కనే ఉండె చాచా అన్న. ఆయన నన్ను అనుమానంగ చూసి నవ్విండు.

అప్పుడే వానలు మొదలైనయి. కొత్త సీడీ వచ్చే రోజు లింగంపేట దగ్గర వాగు రోడ్డు మీదికెక్కింది. బస్సు అటు దిక్కు ఆగిపోయింది. మా ఆయన ఫోన్ చేసి, రెండు గంటలు పట్టేటట్టు ఉన్నది, నీ డ్రైవరు నా సంచిల భద్రంగ ఉన్నడు, మా డ్రైవరు చాయ్ తాగ పోయిండు అన్నడు. వెనుక నుంచి ఎవరో, కార్డు నంబరు ఈసారన్నా సక్కగ చూసిండ్రా అని అడుగుతున్నరు. వాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలవదు.

సీడీ వచ్చింది. వేసిన. బందు చేసి పెట్టినంక లిస్టు తెరిచిన. పసుపు గుర్తు లేదు. కానీ ఇంటర్నెట్ పేజీ తెరిస్తే తెల్లగనే ఉన్నది. గోడకున్న డబ్బా మీద మూడు దీపాలు వెలుగుతున్నయి, నా వైరుకు సంబంధించిన నాలుగోది వెలుగలే. ఈసారి నా మనసు పాడుకాలే. దీపం ఎందుకు వెలుగలేదో అక్కకు రాసేటప్పుడు ఏమేం చూసి రాయాలెనో నాకే తోచింది. వైరు తిప్పి గుచ్చిన, వేరే వైరు పెట్టి చూసిన, కార్డు వెనుక గూడ దీపం లేదు అని వరుసగ కొట్టిన. ఆమె రెండే వరుసలు రాసింది. కార్డును పక్క గూట్ల పెట్టు. పెట్టే ముందు దాని బంగారు రంగు పండ్లను పెన్సిల్ రబ్బరుతోని రుద్దు.

రబ్బరుతోని రుద్దే పని చాచానే తీసుకున్నడు. దుకాణం ఇడిచి మా అర్రలకు వచ్చి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, కార్డును దాని మీద పండబెట్టి, ఒక్కొక్క పన్ను మెరిసేదాక రుద్దిండు. పొద్దుటి బ్యాచోళ్లు ముగ్గురు టైపు ఆపి చుట్టూ నిలవడ్డరు. పక్క గూట్ల పెట్టి ఒత్తితే ఈసారి టక్కుమని కూసున్నది. అప్పుడర్థమైంది, మొదటి గూట్ల అది ఎన్నడు సక్కగ కూసోలేదని. కంప్యూటర్ కొత్త గూటిని చూసి మళ్ల సీడీ అడిగింది. ఇచ్చిన. బందు చేసి, పెట్టి, అందరం గోడ దిక్కు చూసినం. నాలుగో దీపం రెండుసార్లు మిణుకుమని, నిలవడి వెలిగింది.

చాచా చెయ్యి గుండె మీద పెట్టుకున్నడు.

మొదలు ఏం చూడాలె అన్నప్పుడు, రిజల్ట్‌లా, హాల్‌టికెట్‌లా అని పిల్లలు మాట్లాడుతుంటే, నేను చాచాను అడిగిన. ఆయన మొహమాటపడుకుంట చెప్పిండు. దోమకొండాయన ఒకాయన తన తాతది ఒక జేబు గడియారం రెండేండ్ల కింద ఇచ్చి పోయిండట. లోపల ఒక స్ప్రింగు ఎట్ల కూసోవాలెనో తెలవక, చెడగొడతనేమోనని అట్లనే పెట్టిండట. ఆ గడియారం పేరు కొట్టి వెతికినం. ఒక బొమ్మ దొరికింది. మా ఇంటర్నెట్ అప్పుడు మస్తు నెమ్మది. బొమ్మ పైనుంచి కిందికి వేలెడు వేలెడు దిగింది. చాచా తెరకు ముక్కు ఆనించినట్టు వంగి చూసిండు. స్ప్రింగు కాడికి వచ్చేసరికి, ఉల్టా, నేను ఉల్టా అనుకున్న అని గొణిగి, ఎవరికీ చెప్పకుండ లేచి పోయిండు. ఒక గంటకు వచ్చి ఆ గడియారం నా చెవి కాడ పెట్టిండు. నడుస్తున్నది.

ఆ కంప్యూటర్‌ల సగం పేజీలు వంకరటింకరగ తెరుసుకునేటియి. అయినా రెండేండ్లు దానితోనే నడిపిన. ఊరోళ్లు హాల్‌టికెట్ల కోసం కామారెడ్డి పోవుడు తగ్గింది. మా ఆయన దాన్ని గూడ నా మీదనే పెట్టి, బస్సుల ప్యాసింజర్లు తగ్గిపోతున్నరని డిపోల అడిగితే నీ పేరే చెప్త అనేటోడు. పనికిరాని సీడీలన్ని అవ్వకే పోయినయి. చేన్ల చిలుకలు తక్కువనే అయినయని ఆమె చెప్పి పంపింది, నాకు రెండు మక్క కంకులు గూడ పంపింది.

ఇంటర్నెట్ వచ్చేనాటికి అక్కను నేను చూడనే లేదు. రాతను బట్టి బక్కగ, పొడుగ్గ ఉంటదనుకున్న. ఆ వానకాలంల ఒక ఆదివారం ఆమె సెంటర్ మూసి, మా ఆయన బస్సులనే ఎల్లారెడ్డి వచ్చింది. పొట్టిగ, గుండ్రంగ, నెత్తిల పావు వంతు తెల్లబడ్డ మనిషి దిగి, నన్ను చూసి, టైపు మేడం నువ్వేనా అని చెయ్యి పట్టుకున్నది. ఇంటి కాడ తిని, పోచారం ప్రాజెక్టు నిండి అలుగు పారుతున్నదంటే చూద్దమని మెదక్ బస్సెక్కినం. కట్ట మీద మస్తు మంది ఉండిరి. కింద నీళ్లు పలుచగ పారే కాడ ఆమె చెప్పులిప్పి చేతుల పట్టుకొని నిలవడ్డది. తుంపర్లు మొఖం మీద పడుతున్నయి. ఆదివారం గూడ దుకాణం తెరిచే ఉంచేదాన్ని, ఈ నీళ్లను చూసి ఎన్నేండ్లయిందో అన్నది. బస్సుకు యాళ్లయితున్నదని నేను గుర్తు చేసిన.

"ఇంకో బస్సు ఉంటది గదా, చెల్లె," అన్నది ఆమె.

నేను గూడ చెప్పులిప్పి నీళ్లల్లకు దిగిన.