పన్నెండో రోజు తలనొప్పి

2011. తెలంగాణ కోసం జనమంతా రోడ్ల మీదే ఉన్న రోజులు. బస్సులు బంద్, ఆఫీసులు బంద్. మహబూబాబాద్‌లో నేను పనిచేసే చిన్న ఆసుపత్రి మాత్రం కిటకిటలాడేది. నర్సుగా అప్పటికి నాకు తొమ్మిదేళ్ల అనుభవం, అందుకు తగ్గ పొగరూ ఉండేది.

ఒక ఉదయం కేసముద్రం నుంచి ట్రాక్టర్‌లో ఒక బాలింతను తెచ్చారు. పేరు స్వరూప, కాన్పై పన్నెండు రోజులు. ఐదు రోజులుగా తలనొప్పి, వాంతులు. తెల్లవారాక ఫిట్స్ వచ్చి కుడి చేయి పట్టు తప్పింది. వెంట తల్లి లచ్చమ్మ, ఆమె ఒళ్లో పసిగుడ్డు. బాలింతకు ఫిట్స్ అంటే మాకు మొదట తోచేది ఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. కానీ బీపీ మామూలుగానే ఉంది, మూత్రంలో ప్రొటీన్ లేదు. సీటీ స్కాన్‌లోనూ తేడా కనబడలేదు. డాక్టరు గారు తల పట్టుకున్నారు. నీళ్లు బాగా తాగుతోందా అని ఆయన అడిగితే, తాగుతోందని లచ్చమ్మ ఠక్కున చెప్పింది.

సెలైన్ పెడుతూ స్వరూప నోరు చూశాను. పెదవులు పగిలి, నాలుక ఎండిపోయింది. నిలదీస్తే తల్లి ఇంకా బిగుసుకుంటుందని, నయాన అడిగాను.

“పథ్యం మంచిగ జేయిస్తున్నవా అవ్వా?”

ఆమె మొహం వెలిగిపోయింది. “చేయించకుంట ఎట్ల ఉంట బిడ్డా? పచ్చి బాలింతాయె. దినానికి గ్లాసెడు కాగవెట్టిన నీళ్లే ఇస్తున్న. ఎంత ఏడ్సినా ఇయ్యలే.”

“మంచి పని జేసినవ్ అవ్వా” అనేసి డాక్టరు గదికి పరుగెత్తాను.

దొరికింది! కాన్పయ్యాక రక్తానికి గడ్డకట్టే గుణం ఎలాగూ ఎక్కువ. ఒంట్లో నీరు కూడా ఎండితే, మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే సిరల్లో గడ్డ కట్టొచ్చు. దాన్నే సీవీటీ అంటారు. మామూలు సీటీలో అది తరచు చిక్కదు. నా మాట పూర్తి కాకముందే డాక్టరు గారు లేచి వచ్చి, ఆఫ్తాల్మోస్కోప్ అనే చిన్న దీపంతో స్వరూప కళ్లలోకి చూశారు. కంటి నరం ఉబ్బి ఉంది, తలలో ఒత్తిడి పెరిగిందన్నమాట. వెంటనే వరంగల్‌లో వీనోగ్రామ్ తీయించాలన్నారు. సిరలను చూపించే స్కాన్ అది. నన్నూ వెంట పంపారు.

దారిలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే నిరసన. అంబులెన్స్ ఆగింది. నేను దిగి విషయం చెప్పీ చెప్పకముందే ఇద్దరు మగవాళ్లు ఉడుకుతున్న అన్నం డేగిసాను గుడ్డలతో పట్టి పక్కకు లాగారు, ఇంకొకాయన పొయ్యి రాళ్లు తీసేశాడు. జల్ది పో అక్కా అంటూ దారిచ్చారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వీనోగ్రామ్‌లో నడినెత్తి వెంట సాగే పెద్ద సిర సగం కనబడనే లేదు. గడ్డే! ఎగిరి గంతేయాలనిపించింది, స్వరూపను చూసి సిగ్గుపడ్డాను. గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు అప్పుడే మొదలుపెట్టారు. నాలుగో రోజుకు ఆమె లేచి కూర్చుని, కుడి చేత్తో బిడ్డను దగ్గరికి తీసుకుంది.

ఆ రోజు చూడటానికి వెళ్తే లచ్చమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. నీళ్ల సంగతి అక్కడి డాక్టర్లు చెప్పారట. తప్పంతా నీదే కాదు, కాన్పు తర్వాత రక్తం తీరే అంత అని సర్దిచెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు.

“మంచి పని జేసినవ్ అన్నవ్ గద బిడ్డా. గది అబద్ధమేనా?”

“అబద్ధమే అవ్వా” అన్నాను. “గట్టిగ అడిగితే చెప్పవని భయమైంది.”

ఆమె “చెప్పకపోదును” అంది.

బాలింత తలనొప్పిని తేలిగ్గా తీసుకోకూడదని, తల్లులను నిందించకుండా అడగాలని ఆ కేసు నాకు నేర్పింది. కానీ నిజం రాబట్టడానికి ఆడిన అబద్ధాన్ని, ఇంకొకరు చెప్పకముందే మనమే వెళ్లి ఒప్పుకోవాలి. అది మాత్రం లచ్చమ్మ నేర్పింది.