అవతలివాళ్లు పెట్టెయ్ అనేదాకా

విమానం శంషాబాద్ వైపు దిగుతున్నప్పుడు, చక్రాలు ఇంకా నేలకు తగలకముందే, లోపల ఒక చప్పుడు మొదలవుతుంది. ఎక్కడో కిటికీ పక్కన ఒక ఫోన్ టింగుమంటుంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మూకుట్లో పేలాలు వేగినట్టు ముందు వరస నుంచి వెనక వరస దాకా అన్నీ అందుకుంటాయి. కింద ఊరి సిగ్నల్ తగిలిందన్నమాట. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి మహాప్రభో అని విమానంలో పనిచేసే మేం వరస వరసకూ తిరిగి బతిమాలిన ఫోన్లే అవన్నీ. ఆ సమయానికి మేం కూడా బెల్టులు బిగించుకుని మా సీట్లలో ఉంటాం కాబట్టి లేచి వెళ్లే వీలుండదు. "ఔ, దిగుతున్నం. బండి తీస్కొని రా" అని ఎవరో మొదలుపెడతారు. నా పక్కన కూర్చున్న కొత్త అమ్మాయి పళ్లు నూరుతుంది. శిక్షణలో ఉండగా నేను, ఫోన్ పెట్టనివాళ్లను చూస్తే అంతకంటే గట్టిగా నూరేదాన్ని. ఇప్పుడు మాత్రం ఆ చప్పుడు వినగానే నాకు అనసూయ మేడమ్ గుర్తొస్తారు.

అబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో మా శిక్షణ కేంద్రం ఉండేది. బోర్డు మీద విమానం బొమ్మ ఘనంగా ఉన్నా, లోపల ఉన్నది ఒక పొడవాటి గది, పనిచేయని ఒక ఏసీ, రెండు బారులుగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు. ఆ బారుల మధ్య సందే మాకు విమానం. అందులో చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ ఉండేవారు అనసూయ మేడమ్. వాళ్ల నాన్నగారు యాభై ఆరులో కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారట. మేడమ్ ఇక్కడే పుట్టి, ముప్పై ఏళ్లు విమానాల్లో పనిచేసి, రిటైరయ్యాక మాలాంటి వాళ్లకు పాఠాలు చెబుతుండేవారు. బక్కపలుచని మనిషి. గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. అదే నాకు మొదట్లో నచ్చేది కాదు. గొంతు లేని మనిషి మాట ఎవరు వింటారని నా లెక్క.

నా గొంతు సంగతి వేరు. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల ఇంట్లో పుట్టి పెరిగాను. రైళ్ల మోతలో మాట్లాడాలంటే అరవాల్సిందే, అరిస్తే గొడవ రావాల్సిందే. మా నాయిన అబిడ్స్‌లోనే ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. నేను విమానాల్లో పనిచేస్తానంటే ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. "ఆరు నెలలు చూడు బిడ్డా. అయితే అయింది, లేకుంటె బషీర్‌బాగ్ దవాఖానల మీ పెద్దనాయిన చెప్పిన కౌంటర్ నౌకరి చెయ్యి" అన్నాడు. మా పెద్దనాయిన అప్పటికే అక్కడ మాట ఇచ్చేసి ఉన్నాడు. ఆరు నెలల తర్వాత అద్దం వెనక కూర్చుని రోగులకు టోకెన్లు ఇవ్వడమా, ఆకాశంలోకి ఎగరడమా అన్నది మేడమ్ చేతిలో ఉంది. ఆవిడ పంపిన పేర్లకే విమాన సంస్థ ఇంటర్వ్యూ చేసేది.

నాలుగో నెలలో ఫోన్ పాఠం వచ్చింది. ఫర్హీన్ అనే నా స్నేహితురాలు ప్రయాణికురాలిగా కుర్చీలో కూర్చుని, తలుపులు మూసేశాక కూడా వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటించాలి. నేను ఆపించాలి. ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పాను. అది కావాలనే ఇంకా సాగదీసింది. మూడోసారి ఫోన్ లాక్కుని స్విచాఫ్ చేసి దాని ఒళ్లో పడేశాను. గది మొత్తం చప్పట్లు. నేను గర్వంగా మేడమ్ వైపు చూశాను.

"వాళ్లమ్మ ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుందంటావ్?" అని అడిగారావిడ.

"ఎవరమ్మ మేడమ్? అది నాటకమే గదా."

ఆ వారం ఇంటర్వ్యూకి వెళ్లిన పేర్లలో నాది లేదు. ఫర్హీన్‌ది ఉంది. నేను మెట్ల మీదే మేడమ్‌ని నిలబెట్టి దులిపేశాను. రూల్ ప్రకారమే చేశానని, ఫోన్ ఆపించమన్నారు కాబట్టి ఆపించానని, అందులో తప్పేంటో చెప్పమని అడిగాను. అంత గొంతుకీ ఆవిడ చలించలేదు. "మీ ఇల్లు స్టేషన్ దగ్గరే కదమ్మా. మూడు రోజులు సాయంత్రం ప్లాట్‌ఫారం మీద కూర్చో. రైలు కదిలే ముందు మనవాళ్లు ఫోన్ ఎలా పెట్టేస్తారో విని, రాసుకుని రా" అన్నారు. గాలిలో ఎగరబోయేదానికి రైళ్లతో ఏం పని అని గొణుక్కుంటూ వెళ్లాను.

మొదటి రోజు ఒళ్లు మండింది. రెండో రోజు నవ్వొచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన "ఉంట మరి" అన్నాడు. అయిపోయిందనుకున్నాను. "ఔ, ఉంట. గ్యాస్ బంద్ చేసినవా? సరే, ఉంట. పెట్టేయాల్నా?" అన్నాడు. అవతల నుంచి ఇంకేదో వచ్చింది. మళ్లీ మొదటికొచ్చాడు. రైలు కదిలింది, ఆయన ఇంకా "పెట్టేయాల్నా మరి" అంటూనే వెళ్లిపోయాడు. ఆ పక్క బోగీలో ఒక కోడలు, ఇవతల టీ బండి దగ్గర ఒక సిపాయి, అందరిదీ అదే తంతు. మూడు రోజుల్లో ఒక్క మనిషి కూడా ఒక్క మాటతో ఫోన్ పెట్టలేదు. ఇంటికొచ్చి చూస్తే మా అమ్మా అంతే, నేనూ అంతే. ఇన్నేళ్లుగా చేస్తున్న పనిని ఎన్నడూ గమనించనందుకు సిగ్గేసింది.

"మనోళ్లు అవతలోళ్లు 'పెట్టెయ్' అనేదాక పెట్టరు మేడమ్. అడిగి పెడ్తరు" అని చెప్పాను.

"ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు వెళ్లొస్తాననో, వెళ్లి రానా అనో అడగమూ? అదే ఇది" అన్నారు మేడమ్. "నువ్వు ఆ 'పెట్టెయ్' రాకముందే తుంచేశావు. అందుకే వాళ్లకు కోపం వస్తుంది, నీ మీద కాదు, మధ్యలో ఆగిపోయిన మాట మీద. పక్కన కూర్చుని, కళ్లెదురుగా ఉండి, ఎవరితో మాట్లాడుతున్నారో అడుగు. 'దిగి చేస్తాను, పెట్టేయనా' అనమని మాట అందించు. వాళ్లు పెట్టేదాకా అక్కడే ఉండు. అంతకీ వినకపోతే రూల్ ఉండనే ఉంది. కెప్టెన్‌కి చెప్పాల్సిందే, అందులో దయాదాక్షిణ్యం లేదు."

తర్వాత, తను ఉద్యోగంలో ఉండగా జరిగింది ఒకటి చెప్పారు. ఒకాయన ఎంత చెప్పినా ఫోన్ పెట్టలేదట. మేడమ్ ఫిర్యాదు చేశారు. దిగాక భద్రతా సిబ్బంది వచ్చి తీసుకుపోతుంటే, ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నడిచాడట. "నేను చేసింది తప్పు కాదు. మళ్లీ అయినా అదే చేస్తాను. కానీ అవతల ఎవరున్నారని ఒక్క మాట అడగలేదమ్మా. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతు పెరగలేదు, వణకలేదు. ఆవిడంటే నాకు మొదటిసారి ఇష్టం కలిగింది అప్పుడే.

అంత తెలిసినా ఆరో నెల ఆగలేదు. విమాన సంస్థ మళ్లీ ఇంటర్వ్యూలు పెట్టలేదు. నాయిన దవాఖాన మాట ఎత్తాడు. మర్నాడు మధ్యాహ్నం నేను ఆయనకు టిఫిన్ డబ్బా తీసుకుని దుకాణానికి వెళితే, తెల్లటి పరుపు మీద నాయిన ఎదుట అనసూయ మేడమ్ కూర్చుని ఉన్నారు. ఆరు నెలల గడువు సంగతీ, దుకాణం పేరూ నేనే ఆవిడకు చెప్పి ఉన్నాను, ఆయనకు మాత్రం ఆవిడెవరో తెలియదు. నన్ను చూసి మేడమ్ చిన్నగా తల ఊపారు, మాట్లాడవద్దన్నట్టు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

మేడమ్ పక్కన ఒకావిడ చీర చూస్తూ ఫోన్‌లో ఉంది. ఇంట్లో అత్తగారేమో, రంగు చెబుతోంది, వర్ణిస్తోంది, తెగడం లేదు. నాయిన ఆ చీరను చేతి మీద పరుచుకుని అలాగే కూర్చున్నాడు. వెనక ఇద్దరు గిరాకీలు విసుక్కుంటున్నారు. ఆయన విసుక్కోలేదు. మెల్లగా ముందుకు వంగి, "ఎవరమ్మా, అత్తమ్మనా? అంచు సన్నదే అని చెప్పున్రి, గామె పట్టింపు గదే ఉంటది. 'ఇంటికి తెచ్చి చూపిస్త, పెట్టేయాల్నా' అనున్రి" అన్నాడు. ఆవిడ అలాగే అంది. అవతల నుంచి 'పెట్టెయ్' వచ్చినట్టుంది, ఫోన్ సంచిలో వేసుకుంది. నాయిన అప్పుడు వెనకవాళ్ల వైపు తిరిగాడు.

చిన్నప్పటి నుంచి ఆ దుకాణానికి డబ్బా తెస్తున్నాను. ఆయన చీరలు మడతపెట్టడం తప్ప ఏమీ చూడలేదు. చీరలమ్మడం ఒక పనా అని మనసులో ఎన్నిసార్లు చిన్నచూపు చూశానో నాకే తెలుసు. మేడమ్ ఒక జాకెట్టు ముక్క తీసుకుని లేచి, అప్పుడు తనెవరో చెప్పారు. "ఇంకొక్క నెల గడువు ఇవ్వండి. నేను నేర్పాల్సింది అయిపోయింది. మిగతాది మీ దగ్గర ఉంది. మీ అమ్మాయి రోజూ గంటసేపు ఇక్కడ కూర్చోవాలి" అన్నారు.

నాయిన కంగారుగా లేచి నిలబడ్డాడు. "నా దగ్గరేముంది మేడమ్, బట్టలమ్ముకునేటోన్ని" అన్నాడు.

ఆ నెలంతా నేను ఆ పరుపు చివర కూర్చున్నాను. తర్వాతి జాబితాలో నా పేరు వెళ్లింది. ఇంటర్వ్యూలో ఒకాయన ఫోన్ చెవికి పెట్టుకుని మొండి ప్రయాణికుడిగా నటించాడు. నేను పక్కన వంగి, ఎవరితో మాట్లాడుతున్నారు సార్ అని అడిగాను. ఆయన దానికి సిద్ధపడి రాలేదు, ఫోన్ చెవి నుంచి కొంచెం దించి "మా ఆవిడతో" అన్నాడు. చెప్పి పెట్టండి సార్, ఇక్కడే ఉంటాను అన్నాను. ఆయన పక్కన కూర్చుని మార్కులు వేస్తున్నావిడ గడియారం చూసి చాలాసేపు తీసుకున్నావంది. ఉద్యోగం మాత్రం వచ్చింది. చాలాసేపు తీసుకుంటుందన్న మాట ఇప్పటికీ నా మీద ఉంది. నేను మార్చుకోలేదు.

మేడమ్ పోయి రెండేళ్లవుతోంది. ఆవిడ పోయిన ఏడాదే నాయినను మొదటిసారి విమానం ఎక్కించాను, నేను పనిచేసే విమానంలోనే. తలుపులు మూశారు. నేను వరసలు చూసుకుంటూ వస్తుంటే, పధ్నాలుగో వరసలో మా నాయిన ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని అమ్మతో మాట్లాడుతున్నాడు. రెండో చేత్తో ముందు సీటును పట్టుకుని వదలడం లేదు. భయపడుతున్నాడని అర్థమైంది. ఇంటి దగ్గర అమ్మా భయపడుతోంది, అందుకే 'పెట్టెయ్' అనడం లేదు. విమానం ముందు వైపు నుంచి నా తోటి అమ్మాయి చూస్తోంది. కూతురినని నేను రూల్ వదిలేస్తానా లేదా అని.

నేను ఆయన సీటు పక్కన వంగి కూర్చున్నాను. "ఎవరితోని నాయినా, అమ్మతోనా? దిగి చేస్తనని చెప్పు. నేనీడనే ఉంట" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. ముందు సీటు మీది చెయ్యి తీశాడు. ఫోన్ నోటికి దగ్గరగా తీసుకుని, ఎవరి ముందో ఒద్దికగా నిలబడ్డట్టు, "మేడమొచ్చింది. పెట్టేయాల్నా మరి" అన్నాడు.

అప్పటిదాకా మేడమ్ అన్న ఆ పిలుపు నేను ఒక్కరికే మనస్ఫూర్తిగా వాడాను. అమ్మ ఏమందో నాకు వినపడలేదు. నాయిన ఫోన్ ఆపి నా చేతికిచ్చాడు, నేను దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టి, బెల్టు సరిచూసి, పదిహేనో వరసకు వెళ్లాను.