తడిపిన చీరల మూట

మా చిన్నప్పుడు... కంచరపాలెంలో మా ఇంటి పెరట్లో ఒకరోజు తాడు నిండా కొత్త చీరలు ఆరుతుంటే వీధి వీధంతా వచ్చి చూసింది. మడత కూడా విప్పని నేత చీరల్ని, మూట మొత్తం, మా అమ్మ తొట్టిలో వేసి ఉతికేసింది మరి!

పిచ్చి పట్టి కాదులెండి...

మా మావయ్య, అంటే అమ్మకి సొంత అన్నయ్య, శ్రీకాకుళం వైపు పల్లెలో నేతపని చేసేవాడు. మిల్లు చీరలు వచ్చిపడ్డాక ఆయన చీరలు కొనే నాథుడు లేడు. "మూట కట్టి పంపు అన్నియ్యా, నాను అమ్ముతాను" అంది అమ్మ. నాన్న పోర్టులో కలాసీ. ఆయన డ్యూటీకి వెళ్లగానే మా ముందుగదే కొట్టయిపోయేది. చాప పరిచి ట్రంకుపెట్టె తెరిస్తే చాలు, ఇల్లంతా గంజి వాసన... ఆ వాసనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

మొదటి మూట ఇట్టే అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఓ రోజు పక్కింటి వరాలత్త తను కొన్న చీర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏటమ్మా ఇది? ఒక్క తడుపుకే అంచు రంగంతా సీరకి పట్టీసింది!"

అమ్మ మొహం మాడిపోయింది. వెంటనే మావయ్యకి కబురు పెట్టింది. ఆయన ఈసారి రంగు బాగా కాచి, దగ్గరుండి నూలు ముంచి, రెండో మూట నేసి తెచ్చాడు. "ఈ రంగు దిగితే నన్నడుగు" అన్నాడు. అమ్మ అక్కడితో ఊరుకుంటే కదా... "మనం సెప్తే నమ్మరు, సూపించాల" అని ఆయన ఊరెళ్లగానే మూట మొత్తం తడిపేసింది. రంగు చుక్క కూడా దిగలేదు.

చీరలు మాత్రం ఒక్కటీ కదల్లేదు!

అవి పెళ్లిళ్ల రోజులు. కొత్త చీరంటే మడత విప్పి, మూల పసుపు పెట్టి కట్టుకోవాలి. నీళ్లు తగిలాయంటే ఇక అది పాతబట్టే. "తడిపిన సీర పెళ్లికూతురికెలాగ పెడతామమ్మా?" అంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు. నేతవాళ్ల ఇంట పుట్టిన మనిషికి ఇది తెలియదా అంటే... తెలుసు. పంతంలో మర్చిపోయింది. మా అమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మళ్లీ వచ్చిన మావయ్య, ఎక్కడి చీరలు అక్కడే ఉండటం చూశాడు. తిట్టలేదు. అరుగు మీద కూర్చుని మెల్లగా అన్నాడు.

"ఈ మూట పోకపోతే నాను మగ్గం ఇప్పీసి స్టీలు ప్లాంటు పన్లోకి ఎల్లిపోతాను సెల్లీ. మట్టి తట్టలు మొయ్యడానికి మనుసుల్ని తీసుకుంతన్నారంట."

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే, కొత్తవాటిలా కనిపిస్తాయేమోనని, ఆ చీరలకే మళ్లీ గంజి పెట్టి ఆరేస్తోంది. జాలరిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే నూకాలమ్మ అది చూసి ఆగింది. అమ్మ ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పింది. నూకాలమ్మ ఒక చీర లాగి, అంచు తీసుకెళ్లి తన చేపల సత్తుగిన్నెలోని ఉప్పునీళ్లలో ముంచేసింది. "అయ్యయ్యో!" అని అమ్మ కేక... నూకాలమ్మ తాపీగా పిండి చూసింది. ఎర్రంచు ఎర్రగానే ఉంది.

"పెళ్లికూతురు ఒకపాలి కడతాది. నాను రోజూ కడతాను, రోజూ ఉప్పునీళ్లే. తడిపి సూపించి అమ్మినోలు ఇన్నాళ్లకి నువ్వే. నాకొకటి, మా కోడలికొకటి ఇయ్యమ్మా" అంది.

ఆ ఆదివారం జాలరిపేట ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. మాటలూ నవ్వులూ... ఇల్లు తిరునాళ్లే! మూట ఖాళీ. పైగా గోచీ పోసి కట్టుకోడానికి పొడవు చాలదనీ, నేత ఇంకా దట్టంగా ఉండాలనీ మావయ్యకి కబురు పంపారు. ఆయన అలాగే నేశాడు. మగ్గం ఆగలేదు. మరుసటేడు ఆ మగ్గం పక్కన ఇంకో మగ్గం కూడా వేశాడు. అమ్మ మాత్రం బుద్ధి తెచ్చుకుని పెళ్లి చీరలు వేరే మూట కట్టించేది, వాటి దగ్గరికి చెంబుతో నీళ్లు కూడా రానిచ్చేది కాదు!

చాలా ఏళ్ల తర్వాత, ఆ మగ్గం మీద వచ్చిన దాంతోనే చదువుకున్న మావయ్య కొడుక్కి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్పడానికి మిఠాయి పొట్లంతో వచ్చిన మావయ్య అమ్మతో అన్నాడు... "నాను ఎల్తానన్న సోటికే ఆడెల్తన్నాడు సెల్లీ. తట్ట నెత్తినెట్టుకుని కాదు, సంతకం ఎట్టి."

ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు మావయ్య లేడు, ఆయన పల్లెలో మగ్గం చప్పుడూ లేదు. నూకాలమ్మ మనవరాళ్లు కట్టేవి కూడా పాలిస్టరు చీరలే... తప్పేముంది, తేలిగ్గా ఆరతాయి. కానీ ఒక్క మనిషి రెండు చీరలు కొంటే ఒక కుటుంబం నిలబడిన కాలం మాది. మీ ఇంటిని కూడా అలా నిలబెట్టిన నూకాలమ్మ ఒకరు ఉండే ఉంటారు... ఆవిడ పేరు ఇక్కడ రాయండి, అందరం కలిసి ఓ దణ్ణం పెట్టుకుందాం.